చెవిలో చెప్పిన తీర్మానం

మా ఊరి సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఈస్టరు పండగకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యే ముందు శుక్రవారం, స్త్రీల కూడిక అయిపోయాక, ఒక్కొక్కరం లేచి వెళ్ళి పాస్టరుగారి భార్య పక్కన కూర్చునేవాళ్ళం. ఆమెను మేమంతా అమ్మగారు అని పిలిచేవాళ్ళం. ఆ నలభై రోజులూ దేవుని కోసం ఏం మానుకుంటామో, ఏం చేస్తామో ఆమె చెవిలో చెప్పాలి. దాన్ని తీర్మానం అనేవాళ్ళం. ఆమె మా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపేవారు. చెప్పిన మాట ఆమెకూ దేవునికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. కట్టుకున్నవాడికైనా, తోడబుట్టినదానికైనా చెబితే ఆ తీర్మానానికి ఫలం ఉండదని అమ్మగారు మరీ మరీ చెప్పేవారు. మేం నమ్మాం. నేనైతే కాస్త ఎక్కువే నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావాలి గానీ, నాకు ఇప్పటికీ ముందు వచ్చేది కోపమే.

నేను బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న గనిలో పనిచేసేవాడు. మా క్వార్టర్ల దగ్గరి చర్చికి సిమెంటు గోడలు, బెంచీలు, మైకు ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పెళ్ళయి, ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చాను. ఇక్కడ చర్చి అంటే తాటాకు పాక, అలికిన నేల, నాలుగు చాపలు. అత్తింటివాళ్ళు కొత్తగా నమ్మినవాళ్ళు. నేను పుట్టినప్పటి నుంచీ విశ్వాసిని అన్న గర్వం కొంచెం ఉండేది నాలో. ఇంటర్ దాకా చదివినందుకు అంగన్‌వాడీలో పని దొరికింది. ఆ పని కోసం మేం రోడ్డు పక్కన రెండు గదులు వేసుకొని ఉన్నాం. మా బావగారూ ఆయన భార్యా వాగు అవతల చేను దగ్గరే ఉండిపోయారు. ఆయన భార్య అంటే నా తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని.

అక్క లేకపోతే మొదటి ఏడాదే మూటాముల్లె సర్దుకొని పుట్టింటికి వెళ్ళిపోయేదాన్ని. కట్టెల పొయ్యి ఊదడం, వాగునీళ్ళు తేర్చుకోవడం, విషప్పాముకీ పసిరికకీ తేడా తెలుసుకోవడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నాకు వరసగా ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరికీ నీళ్ళు పోసింది అక్కే. ఆమెకు మాత్రం పిల్లలు లేరు. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

మా చేను గట్టున రెండు ఇప్పచెట్లు ఉన్నాయి. అడవి అంచు ఊళ్ళలో ఏ చెట్టు ఎవరింటిదో అందరికీ తెలుసు. ఎండలు ముదరకముందే చెట్టు కింది ఆకు ఊడ్చి తగలబెట్టి నేల శుభ్రం చేసుకుంటాం. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. పొద్దెక్కేలోపు ఏరుకోకపోతే మేకల పాలవుతుంది. మనకంటే ముందు ఎలుగు వస్తే దాని పాలవుతుంది. అందుకే అక్కా నేనూ జంటగా పోయి, చిన్న మంట వేసుకొని, ఆ వెలుగులో గంపలు నింపేవాళ్ళం. చేతులకంటిన తీపి జిగురు, ఆ వాసన, సాయంత్రం దాకా వదిలేవి కావు. ఎండిన పువ్వు సంతకు పోతే బడి తెరిచేనాటికి పిల్లల బట్టలు, వానాకాలానికి ఉప్పూ చింతపండూ వచ్చేవి. అదొక్కటే కాదు. అత్త మీద కోపం, మొగుళ్ళ మీద కోపం, నవ్వులు, ప్రార్థన మనవులు, మేం మాట్లాడుకున్న మాటలన్నీ ఆ చెట్ల కిందే.

ఇక అమ్మగారు. ఆమె గోదావరి దిగువన, రాజమండ్రి వైపు మనిషి. తెల్లచీర, మెత్తని మాట. మా పెద్దదానికి మెదడుకెక్కిన మలేరియా వచ్చి భద్రాచలం దవాఖానాలో పడి ఉన్నప్పుడు, బస్సు మారి బస్సెక్కి గంజి క్యారేజీ పట్టుకొని వచ్చిన మనిషి ఆమె. నా బిడ్డ పాదాలు ఒళ్ళో పెట్టుకొని రాత్రంతా కూర్చున్నారు. కన్నతల్లి కూడా అంతకన్నా చేయలేదు. అప్పటి నుంచీ ఆమె ఏమంటే అది నాకు వేదం. ప్రార్థన చేయబోతే నాకు మాటలు రావని, ఒకోసారి దేవుడు వింటున్నట్టే అనిపించదని, మా ఆయనకు కూడా చెప్పని మాట ఆమెకు చెప్పుకున్నాను.

ఆ మరుసటి ఏడు శ్రమదినాల ముందు నా వంతు వచ్చినప్పుడు ఆమె చెవి దగ్గరికి వంగి, నలభై రోజులూ టీ మానేస్తానని చెప్పాను. నాకు టీ అంటే ప్రాణం. అది చిన్న సంగతేమీ కాదు నాకు.

అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "అంతేనా అమ్మా?" అన్నారు. "నీకొక్కదానికే చెప్తున్నాను, ఎవరితోనూ అనకు. మీ అక్క ఈ నలభై రోజులూ ఇప్పపువ్వు ముట్టనంది. పువ్వు రాలే వేళకి మోకాళ్ళ మీద ఉంటానంది. నిన్నగాక మొన్న నమ్మిన మనిషి. నువ్వేమో పుట్టు విశ్వాసివి."

సిగ్గుతో చచ్చిపోయాను. నేనూ పువ్వు ముట్టనని, నేనూ ఆ వేళకు మోకరిస్తానని అక్కడికక్కడే మాట ఇచ్చేశాను. అమ్మగారు సంతోషించారు. నా తల మీద చెయ్యి పెట్టి చేసిన ప్రార్థనలో 'ఒకరిని చూసి ఒకరు రేపబడుతున్న నీ బిడ్డలు' అన్న మాట వచ్చింది. అది పొగడ్త అనుకున్నాను.

ఆ శ్రమదినాల్లోనే వచ్చిన ఇప్పకారులో, అంటే పువ్వు రాలే రోజుల్లో, మా గట్టున పువ్వు మేకలు తిన్నాయి. నేనూ పోలేదు, అక్కా పోలేదు. మా ఆయన ఊరుకోలేదు.

"మీకిద్దరికి ఏం పుట్టింది? వదిన గూడ పోతలేదట. అన్న మొత్తుకుంటున్నడు. బడి తెరిస్తె పిల్లగాండ్లకు బట్టలెట్ల?"

ఏం చెప్పను? చెబితే ఫలం పోతుంది. తలనొప్పి అనో, ఎలుగు తిరుగుతోందనో ఏదో ఒకటి అనేదాన్ని. వదిన కూడా పోవడం లేదన్న మాట మాత్రం నాకు సూదిలా గుచ్చుకుంది. అంటే అక్క నిజంగానే మోకాళ్ళ మీద ఉంది.

నేనూ లేచేదాన్ని. పిల్లలు కదలకుండా, మూల చాప పరుచుకొని మోకరించేదాన్ని. నాలుగు మాటలు అయ్యేసరికి నుదురు నేలకు ఆనేది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి తెల్లారిపోయి ఉండేది, చాప అల్లిక అచ్చు నా చెంప మీద ఉండేది. పొద్దంతా అంగన్‌వాడీలో పిల్లలతో, ఇంటికొస్తే ఇంట్లో పిల్లలతో అలసిన ఒళ్ళు అది. శుక్రవారం అమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను, నిద్రపోతున్నానని. ఆమె నిట్టూర్చారు. "మీ అక్క నిద్రపోదమ్మా," అన్నారు.

రెండో ఏడు తీర్మానం పెరిగింది. తొలికోడి కూయకముందే లేవాలి. ఎందుకంటే అక్క తొలికోడి కూయకముందే లేస్తుందట. అక్క శుక్రవారాలు మంచినీళ్ళు కూడా ముట్టదట. అక్క కన్నీళ్ళతో చాప తడుస్తుందట. అన్నీ నాకొక్కదానికే చెప్పిన రహస్యాలు. ఆదివారం పాకలో అక్క కళ్ళు మూసుకొని కూర్చుంటే నేను నా ప్రార్థన మానేసి ఆమె ముఖం చూసేదాన్ని. ఆమె పెదాలు ఎంత కదులుతున్నాయి, గొంతు ఎప్పుడు వణుకుతోంది, చేతులు ఎంత ఎత్తుకు లేస్తున్నాయి. దేవుని ఎదుట కూర్చొని నేను చేసిన పని అది. నాకు దేవుడు కనబడడం మానేసి అక్క ఒక్కతే కనబడేది.

అక్కతో మాటలు తగ్గిపోయాయి. చెట్టు కింద కలవడం లేదు కదా. చర్చి దగ్గర కలిస్తే "వందనాలక్కా" అంటే "వందనాలు చెల్లె" అనేది, అంతే. ఆమె ముఖం ఎందుకో నా వైపు తిరిగేది కాదు. నేనంటే ఆమెకు చులకన అయిపోయిందనుకున్నాను. అంత ఎత్తుకు ఎదిగిన మనిషికి నిద్రమొహం చెల్లెలితో మాటలేముంటాయి అని ఉక్రోషం వచ్చేది. ఒక పండగకు ఆమె పంపిన అరిసెలు కూడా నేను పిల్లలకు పెట్టేసి నోట్లో వేసుకోలేదు.

మూడో ఏడు. శ్రమదినాలు సగం గడిచాయి. ఆ శుక్రవారం కూడిక అయ్యాక చాపలు చుడుతుంటే అమ్మగారు నన్ను పక్కకు పిలిచారు. నేను నీరసంగా ఉన్నానని, ప్రార్థనలో వెనకబడ్డానని అన్నారు. ఆ తర్వాత మెత్తగా అన్న మాట ఇది. "నీ పెద్దపిల్లకి అప్పుడు జ్వరం తగ్గింది చూడు, అది ఎవరి కన్నీళ్ళకనుకున్నావు? తన కడుపున కాయకపోయినా నీ బిడ్డ కోసం ఏడ్చింది మీ అక్క. తల్లివి నువ్వే. ప్రార్థన మాత్రం ఆమెది."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. దవాఖానా మంచం పక్కన నిలబడి నేనన్న మాటలు నాకు గుర్తున్నాయి. ప్రార్థన అనడానికి కూడా వీల్లేదు, నా బిడ్డను ఇచ్చెయ్ ఇచ్చెయ్ అని గొణిగాను. ఆ గొణుగుడు కూడా లెక్కలోకి రాలేదా? నా బిడ్డ బతుకు కూడా అక్క ఖాతాలోనేనా?

మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. గాలి చేను వైపు నుంచి వీస్తోంది. ఇప్పపువ్వు వాసన గదిలోకి వచ్చింది. చాప పరిచాను. మోకరించలేదు. చాప చుట్టి మూలన పడేసి, గంప తీసుకొని బయటికి నడిచాను. తీర్మానమూ లేదు, గీర్మానమూ లేదు. ఆమె మోకాళ్ళ మీద ఉండి నా బిడ్డల్ని బతికించుకోనీ, నేను వెళ్ళి నా బిడ్డల బట్టలకు పువ్వేరుకుంటాను అనుకున్నాను. అంత కసి మీద ఉన్నాను.

వాగు దాటాక గట్టు మీద చిన్న మంట కనిపించింది. మా చెట్టు కింద ఎవరో ఉన్నారు. మా చెట్టు కింద వేరేవాళ్ళు మంట వేయరు. దగ్గరికి వెళ్ళేసరికి నేల ఊడ్చి ఉంది. గంప సగం నిండి ఉంది. పక్కన గొంతుక్కూర్చొని పువ్వేరుతున్నది అక్క.

నన్ను చూసి ఆమె చెయ్యి ఆగింది. లేవలేదు.

"వచ్చినవా?" అంది. "అమ్మగారు పంపిన్రా, చూసిరమ్మని?"

"నన్నెవరు పంపుతరు?" అన్నాను. "నువ్విక్కడున్నవేందక్కా? పువ్వు ముట్టనని తీర్మానం చేసుకున్నవ్ గదా."

"తీర్మానం నాది కాదు, నీది. నేను వారం సంది వస్తున్న. ఇగ నాతోని కాదు. నీ అంత నేను కాలేను. పోయి చెప్పుకో."

"నాదేంది? నువ్వు ముందుగాల చేసుకున్నవని నేను చేసుకున్న."

అక్క చేతిలోని పువ్వులు గంపలో వేసి, చెంగుకు చేతులు తుడుచుకొని నా వైపు తిరిగింది. రెండేళ్ళలో మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"గట్లని ఎవరు చెప్పిన్రు నీకు?"

"అమ్మగారు. చెవుల చెప్పిన్రు, నీకొక్కదానికేనని."

"నాక్కూడ చెవులనే చెప్పిన్రు," అంది అక్క. "నేను మాంసం మానేస్తనని చెప్దామని పోయిన. నా కంటె ముందే నువ్వొచ్చి చెప్పి పోయినవట. ఇప్పపువ్వు ముట్టనన్నవట. చదువుకున్న పిల్ల, చంటిపిల్లల తల్లి, ఆమె గంత చేస్తుంటె నీకేమడ్డమన్నరు. సిగ్గుతోని నా నోరు పెగల్లే. చెల్లె ఏం జేస్తె నేనూ అదే జేస్తనన్న."

"నేను టీ మానేస్తనని పోయిన," అన్నాను.

పువ్వు రాలుతూనే ఉంది, టప్ టప్ మని మా మధ్య నేల మీద పడుతోంది.

"మరి ముందుగాల మొదలువెట్టింది ఎవరు?" అంది అక్క.

"ఎవ్వరం పెట్టలే."

మోసపోయానన్న మాట నాకు అప్పుడు తట్టింది. నాకే కాదు, ఆమె ముఖంలోనూ అదే చూశాను. లేని మనిషి వెనకాల మేమిద్దరం మూడేళ్ళు పరిగెత్తాం. నేను పరిగెత్తింది అక్క వెంట కాదు, అక్క పరిగెత్తింది నా వెంట కాదు. ఇద్దరి ముందూ పరిగెత్తిన ఆ మనిషిని అమ్మగారు తయారుచేశారు. మా చెట్ల కింద మేం మాట్లాడుకుంటూ ఉంటే ఒక్క తెల్లవారుజాములో బయటపడే అబద్ధం అది. అందుకే అమ్మగారు ముందుగా మమ్మల్ని చెట్టు దగ్గర కలవకుండా చేశారు.

అక్క ఇంకా కూర్చునే ఉంది. మంటలో పుల్ల ఎగదోసి, నన్ను చూడకుండా అడిగింది.

"ఇంకొకటి అడుగుత. దాచకు. నువ్వు తొలికోడికి లేస్తవా?"

"లేస్త. లేచి, మోకాళ్ళ మీదనే పడి పండుకుంట."

"నిజంగ?"

"చాప అచ్చు చెంప మీద పడుతదక్కా. మీ మరిదినడుగు. అమ్మగారికి గూడ చెప్పిన. ప్రతి శుక్రవారం చెప్పిన."

"ఆమెకు తెలుసా?" అంది అక్క. "నువ్వు నిద్రపోతున్నవని ఆమెకు తెలుసా?"

"తెలుసు."

అక్క మెల్లిగా చెప్పింది. ఆ మాటలు నేను ఎన్నేళ్ళయినా మరిచిపోలేదు. "నీ కడుపున ఇద్దర్ని దేవుడు ఊకనే ఇయ్యలేదన్నరు అమ్మగారు. చెల్లె తొలికోడికి లేచి అడిగింది, అందుకే ఇచ్చిండన్నరు. నేను ఆలిస్యంగ లేస్తనట. నాకు ఆశ తక్కువట. రెండేండ్ల సంది నేను కోడి కంటె ముందు లేస్తున్న. నెల నెలా చూసుకుంట. ఏం కాలే. ఇగ దేవునికి నేను ఇష్టం లేదనుకున్న. గందుకే పువ్వుకొచ్చిన."

నా ఒళ్ళు మండిపోయింది. నా నిద్ర సంగతి తెలిసి, నా నోటి నుంచే విని, అమ్మగారు దాన్ని ప్రార్థనగా మార్చి, దానికి నా బిడ్డల్ని ఫలంగా కట్టి, ఈ మనిషి కడుపు మీద కొట్టారు. నా బిడ్డ జ్వరాన్ని తెచ్చి నా మీద కొట్టారు. మేం నమ్మి చెప్పుకున్న మాటలతోనే కొట్టారు.

"నా పిల్లలు పుట్టిన్నాడు తీర్మానం ఎక్కడిదక్కా?" అన్నాను. "పెద్దది పుట్టినప్పుడు నేను పొద్దెక్కిందాక పండుకునేదాన్ని. నువ్వే కదా వచ్చి లేపేది."

అక్క నోరు తెరిచి నన్ను చూసింది. "అవ్," అంది. "నేనే లేపేదాన్ని. గది నాకు తట్టనే లే."

అప్పుడు నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. మోకాళ్ళ మీద ముఖం పెట్టుకొని, పువ్వు జిగురు అంటిన చేతులతో తల పట్టుకొని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె గంపలో పువ్వులు ఏరి వేస్తూ కూర్చున్నాను. తెల్లారాక ఇద్దరం గంపలు ఎత్తుకొని చేను ఇంట్లో దించాం. నేను అటు నుంచి అటే అమ్మగారింటికి బయల్దేరాను. అక్క పోవద్దని చెప్పలేదు, నా వెనకే వచ్చింది.

అమ్మగారు వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతున్నారు. మా ఇద్దరినీ కలిపి చూసేసరికి చాట ఆగింది. మా చేతుల వాసన ఆమెకు తెలిసే ఉంటుంది.

నేను కూర్చోలేదు. "అమ్మగారూ, అక్క తీర్మానం చేసుకుందని నాకు చెప్పారు. నేను చేసుకున్నానని అక్కకు చెప్పారు. ఎందుకు?" అన్నాను.

ఆమె తడబడలేదు. అదే నన్ను ఇంకా మండించింది. "కూర్చోండమ్మా," అన్నారు. "మీరిద్దరూ ఎదగాలనే చెప్పాను. ఒక్కరే అయితే మనిషి బద్ధకిస్తాడు. పక్కన ఒకరు ముందు వెళ్తుంటే కాళ్ళు అవే లేస్తాయి. మీరిద్దరూ మూడేళ్ళలో ఎంత మారారో మీకు తెలియదు. ఆ పువ్వు సంగతంటారా, దాంతో సారా కాసేవాళ్ళున్నారు. మానితే మంచిదేగా."

"మేం సారా కాయలేదు," అన్నాను. "పిల్లల సంగతి అక్కకు ఎందుకు చెప్పారు? నేను నిద్రపోయేదాన్నని మీకు తెలుసు కదా."

ఆమె చాట ఒళ్ళో పెట్టుకున్నారు. బియ్యంలో రాళ్ళేరుతూ అన్నారు. "మా అత్తగారు సంఘంలో పెద్ద ప్రార్థనపరురాలు. నన్నూ మా తోడికోడల్నీ ఇలాగే పెంచారు. ఆమె ఇంతసేపు చేసింది, నువ్వెంతసేపు చేశావు అనేవారు. నేనివాళ ఇలా నిలబడ్డానంటే అందుకే."

"మీ తోడికోడలు ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగాను.

"ఏలూరు వైపు," అన్నారు. కొంచెం ఆగి, "మాటల్లేవు," అన్నారు.

నాకు జాలి కలగాలేమో. కలగలేదు. భద్రాచలంలో నా బిడ్డ పాదాలు ఒళ్ళో పెట్టుకున్న చేతులే ఆ చేతులు. ఆ గంజి నిజం, ఆ రాత్రి నిజం, ఈ అబద్ధమూ నిజం. పరాయిదయితే తిట్టి వచ్చేసేదాన్ని. తల్లి అనుకున్న మనిషి కాబట్టి తిట్టడానికి కూడా నోరు రాలేదు. అక్క మాత్రం ఒక్క మాట అంది. "నా కడుపు సంగతి దేవునికి, నాకు వదిలెయ్యండమ్మగారు." అంతే. ఇద్దరం వచ్చేశాం.

ఆ ఆదివారం నుంచి నేను చర్చికి పోలేదు. దేవుడితో తగువు లేదు నాకు. ఆ చాపల మీద కూర్చోవడం నావల్ల కాలేదు. పాట వినిపిస్తే రోడ్డు మీదికి వచ్చి నిలబడి, ఆగిపోగానే లోపలికి వచ్చేదాన్ని. మా ఆయన పిల్లల్ని తీసుకొని పోయేవాడు. ఏమైందని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

అక్క పోతూనే ఉంది. అది తెలిసిన రోజు నాకు రెండోసారి మోసపోయినట్టయింది. అంత జరిగాక, నాకంటే ఎక్కువ దెబ్బ తిన్న మనిషి, ఏ ముఖం పెట్టుకొని ఆ పాకలో కూర్చుంటుంది? నన్ను ఒంటరిదాన్ని చేసి తను మంచిదనిపించుకుంటుందా? విత్తనాల రోజుల్లో చేను దగ్గర దొరికితే అడిగేశాను. నా గొంతులో దురుసు నాకే వినిపించింది.

"నేను పోతలేనని తెల్వదా నీకు? నువ్వెట్ల పోతున్నవ్?"

అక్క పత్తి గింజలు ఒళ్ళో పోసుకొని కూర్చొని ఉంది. నెమ్మదిగా అంది. "మూడేండ్లు నిన్ను చూసుకుంట నడిచిన. నువ్వు లేస్తె లేచిన, నువ్వు మానేస్తె మానేసిన. ఇప్పుడు నువ్వు ఆగితె ఆగాల్నా? మళ్ళ నిన్ను చూసే?"

నేను ఆమె ఒళ్ళోంచి జారిన గింజలు ఏరాను.

"నువ్వు పోకపోతె పోకు," అంది. "నేను అడుగనే అడుగ. నాకు పోవాలనిపిస్తున్నది, పోతున్న. అమ్మగారి మొఖం చూడ. మొన్న ఆదివారం ఇన్నేండ్లకు నేను దేవునితోని నా మాట మాట్లాడుకున్న. నీ ఊసు రాలే అండ్ల."

నా ఊసు రాలేదన్న మాట నాకు గుచ్చుకుంది. ఆ తర్వాత దాన్నే తలచుకుంటూ ఇంటికి నడిచాను. అబద్ధం బయటపడ్డాక కూడా నేను అక్క పక్కనే నిలబడి కొలుచుకుంటూ ఉన్నాను. ఇన్నాళ్ళూ ఆమె ప్రార్థనతో, ఇప్పుడు ఆమె కోపంతో. నాకున్నంత కోపం ఆమెకూ ఉండాలని పట్టుపట్టాను. అమ్మగారు నేర్పిన పని అమ్మగారు లేకుండానే చేస్తున్నాను.

మరుసటి ఏడు శ్రమదినాల ముందు శుక్రవారం ఏం జరిగిందో నాకు ఊళ్ళోవాళ్ళు చెప్పారు. అక్క వంతు వచ్చినప్పుడు ఆమె లేచి అమ్మగారి దగ్గరికి పోలేదట. కూర్చున్న చోటు నుంచే అందరికీ వినబడేలా, "పువ్వేరుకుంట ప్రార్థన చేసుకుంట అమ్మగారు. ఎవలకన్న చెప్పుకోండ్రి," అందట. కొందరు నవ్వారట. కొందరు నొచ్చుకున్నారట. ఆ తర్వాత చెవిలో చెప్పినవాళ్ళు ఎందరో నాకు తెలియదు.

నేను చర్చికి తిరిగి వెళ్ళడానికి ఇంకా చాలాకాలం పట్టింది. వెళ్ళాను గానీ వెనక గుంజ దగ్గరే కూర్చునేదాన్ని. అమ్మగారితో వందనాల వరకే. క్షమించావా అని ఎవరైనా అడిగితే, అవునని చెప్పేటంత మనసు ఇప్పటికీ నాకు లేదు. నోటితో అని మనసులో లేకపోతే అదింకో అబద్ధం. ఆమెకు నేను చెప్పుకున్న మాటల్లాంటివి మళ్ళీ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ నష్టం నష్టమే.

అక్క అందరిలో ఆ మాట అన్న ఏడే, ఇప్పకారులో మళ్ళీ అక్కా నేనూ జంటగా పోయాం. మంట వేసుకున్నాం. ఏరుతూ ఏరుతూ అక్క గొంతు చిన్నది చేసి ఏదో అంటోంది. నాతో కాదు. వినకూడదనుకొని అవతలి చెట్టు కిందికి జరిగాను. ముందైతే చెవి అటే ఉండేది.

ఒక రోజు పువ్వు ఆరబోసి ఇంటికొచ్చాక, పిల్లలు ఇంకా లేవలేదు. చాప పరుచుకొని మోకరించాను. చేతులకు ఇప్పపువ్వు వాసన. పెద్దగా మాటలు రాలేదు. నేను అలిసిపోయానని, నా కోపం ఇంకా నాతోనే ఉందని చెప్పాను. అంతలోనే నుదురు నేలకు ఆనింది. లేచేసరికి బాగా ఎండ వచ్చేసింది. చిన్నవాడు పక్కన కూర్చొని నా చెంప మీది చాప గీతలు వేలితో రాస్తున్నాడు. సిగ్గుపడబోయాను. ఎవరిని చూసి సిగ్గుపడాలో వెతికితే ఎవరూ దొరకలేదు. ఆ పొద్దున అక్క ఎంతసేపు ప్రార్థన చేసి ఉంటుందన్న ఆలోచన నాకు రానే లేదని, వాడికి గంజి పోస్తున్నప్పుడు గుర్తొచ్చింది.